ఫోన్ స్పీకర్‌లో పెట్టండి

హైదరాబాద్ లాల్‌దర్వాజా గుడి దగ్గర గల్లీలో నాకో జిరాక్స్ దుకాణం, దాని ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయి. ఒకటి నాది. రెండోది మనసు బాగలేనివాళ్లది. ముప్పై ఏళ్లుగా సలహాలిస్తున్నాను, చాయ్‌తో సహా. ఈ మధ్య ఆ రెండో కుర్చీ ఖాళీగా ఉంటోంది. జనం ఫోన్లోనే కౌన్సిలింగ్ తీసుకుంటున్నారట. తీసుకోండి, కాదనను. కానీ దానికో పద్ధతుంది. ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేను చెబుతున్నాను.

ముందు చోటు సంగతి. తలుపేసుకుని ఒక్కరే కూర్చోమంటారు ఆ కౌన్సిలర్లు. మా గౌలిపురా, ఛత్రినాక వైపు రెండు గదుల్లో ఏడుగురుంటారు. ఒకరు తలుపేసుకుంటే మిగతా ఆరుగురూ ఆ తలుపుకే చెవులానిస్తారు. పాపం, వాళ్లకెందుకా శ్రమ? నట్టింట్లో కూర్చుని ఫోన్ స్పీకర్‌లో పెట్టండి. మీ బాధ మీ అత్తగారికి ఎటూ తెలిసేదే, మీ నోటే వింటే కల్పితాలుండవు. కొందరు డాబా మీదికి పోతారు. డాబా ఉన్నది బట్టలారేసుకోవడానికి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ కింద చికిత్స వివరాలు గుట్టుగా ఉంచాలట. మా గల్లీకి ఆ సెక్షన్ ఇంకా రాలేదు.

ఇక ఎవరికి చేయాలి? 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం టెలిమానస్ అని ఒకటి మొదలుపెట్టింది. 14416 నొక్కితే చాలు. పగలూ రాత్రీ పలుకుతారు, పైసా అడగరు, 20 భాషల్లో మాట్లాడతారు. అందుకే వద్దంటాను. ఊరికే వచ్చేదానికి విలువేముంటుంది? నాదీ ఊరికేననుకోండి, అది వేరు. తప్పక చేయాల్సి వస్తే ఇంగ్లీషులో మాట్లాడండి, గౌరవంగా ఉంటుంది. మా అమ్మ ‘రంధి’ అనేది. రంధి పెట్టుకుంది, రంధితో చిక్కిపోయింది అనేది. ఇంగ్లీషులోకి దిగితే ఆ మాట రాదు. ‘స్ట్రెస్’ అంటారు, ‘ఓకే’ అంటారు, రెండు నిమిషాల్లో పని అయిపోతుంది.

చదువు, రిజిస్ట్రేషన్ లాంటివి అడిగి కౌన్సిలర్లను చిన్నబుచ్చకండి. క్లినికల్ సైకాలజిస్టయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి, సైకియాట్రిస్టయితే మెడికల్ కౌన్సిల్ నంబరుండాలి. అడిగితే చెబుతారు కూడా. ఇన్‌స్టాలో ‘మూడు సెషన్లలో మీ భార్య మీ దారికి’ అని రీల్ పెట్టేవాళ్లకు మాత్రం ఏ నంబరూ ఉండదు, గూగుల్ పే నంబరు తప్ప. అదొక్కటుంటే చాలు.

మా మేనల్లుడి సంగతి చెప్పాలి. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణంలో పనిచేస్తాడు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రం 2017లోనే నిషేధించింది. అయినా వాడి ఫోన్లో బెట్టింగ్ యాప్ ఉంది, జీతం మొత్తం అందులో పోయింది. ‘పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి రా’ అని చెప్పాను. వెతికాడు. వాళ్లమ్మ పుస్తెలతాడు కూడా పోయింది. అప్పుడు ఎవరో చెబితే ఆన్‌లైన్‌లో ఒక మేడమ్‌తో మాట్లాడటం మొదలెట్టాడు, నా దుకాణంలోనే, జిరాక్స్ మిషన్ వెనక. ఇయర్‌ఫోన్ ఒకటి వాడి చెవిలో. రెండోది నా చెవిలో పెట్టుకున్నాను. మేనమామను, బాధ్యత ఉంటుంది కదా.

ఆమె ఒక్క సలహా ఇస్తే ఒట్టు. అడగడమే. ‘డబ్బు పోయిన రాత్రి మీకు ముందు ఏం గుర్తొస్తుంది?’ అంది. వీడు మాట్లాడడు. బల్లకు లేచిన సన్‌మైకా అంచును గోటితో గీకుతున్నాడు. ఆమె కూడా మాట్లాడదు! డేటా డబ్బు దండగ. సన్‌మైకా ముక్క ఊడి చేతికొచ్చేదాకా చూసి, ఇక ఉండబట్టలేక, ‘వాళ్లమ్మ గుర్తొస్తుంది మేడమ్’ అని నేనే చెప్పేశాను. అటునుంచి చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత ‘మీరెవరండీ?’ అంది. ఆ వారం నుంచి వాడు రెండు ఇయర్‌ఫోన్లూ తనే పెట్టుకుంటున్నాడు. దుకాణానికి రావడమూ మానేశాడు. యాప్ తీసేశాడని, అప్పు నెలనెలా కడుతున్నాడని వాళ్లమ్మ చెప్పింది. నాకైతే చెప్పలేదు. కౌన్సిలింగ్ వల్ల బంధుత్వాలు ఎట్లా చెడతాయో చూశారా?

కల్లు, మందు మానాలనుకునేవాళ్లు డాక్టరును అడగక్కర్లేదు, ఒక్క దెబ్బకు ఆపేయండి. మగతనం అంటే అది. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం కలుపుతారని, అలవాటుపడ్డ ఒళ్లు అది ఒక్కసారిగా ఆగితే తట్టుకోలేదని డాక్టర్లు భయపెడతారు. 2015లో దాడులు జరిగి కల్లు ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు మనుషులకు చేతులు వణికి, ఫిట్స్ వచ్చి, లేనివి కనిపించి, ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్లకు నాలాంటివాడు దగ్గర లేకపోబట్టి. ఇలాంటిది ఫోన్లో తేలదు, ఉస్మానియా ఆసుపత్రికో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికో మనిషిని తీసుకురండి అని కౌన్సిలరు అంటే వెంటనే కట్ చేయండి. ఎర్రగడ్డ అన్న మాట గల్లీలో పడితే చెల్లెలి పెళ్లి ఆగుతుంది. నిద్ర పట్టకపోతే పక్కింటాయన గోలీ సగం విరిచి వేసుకోండి. మత్తుమందుల చట్టం కిందికొచ్చే మందులు ఫోన్ మీద రాయొద్దని 2020 మార్చి టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో ఉంది. పక్కింటాయనకు ఏ మార్గదర్శకాలూ లేవు.

ఆలుమగల తగాదా అయితే భార్యను ఫోన్ ముందు కూర్చోబెట్టి భర్త వెనక నిలబడాలి. ‘మీరు ఒక్కరే ఉన్నారా అమ్మా?’ అని అడుగుతారు. ‘ఒక్కతే ఉంది మేడమ్’ అని భర్తే జవాబివ్వాలి. దెబ్బల ఊసొస్తే సిగ్నల్ పోయిందనండి. కొందరు ఆడవాళ్లు ఫోన్ కూడా లేకుండా సుల్తాన్‌షాహీలో జమీలా నిషాత్ అనే ఉర్దూ కవయిత్రి పెట్టిన షాహీన్ సంస్థ దాకా నడిచిపోయి, తమలాంటి ఆడవాళ్ల మధ్య కూర్చుని చెప్పుకుంటారట. నడిచేవాళ్లను స్పీకర్‌లో ఎట్లా పెడతాం? దానికి నా దగ్గర ఉపాయం లేదు.

మా ఇంట్లో ఈ గొడవల్లేవు. నేనుండగా మా ఆవిడకు కౌన్సిలింగ్ ఎందుకు? పైగా ఈ మధ్య మనిషి కాస్త తేటపడింది. మొన్న కూరలో ఉప్పెక్కువైందంటే, ‘రేపటి నుంచి మీరే వేసుకోండి’ అని నిమ్మళంగా అంది. ఎక్కడ నేర్చిందో. మంగళవారం మంగళవారం పదకొండింటికి ఫోను, బకెట్ తీసుకుని డాబా ఎక్కుతుంది, ముప్పావు గంటకు దిగుతుంది. పోయిన మంగళవారం వాన. అయినా గొడుగేసుకుని పోయింది. బకెట్లో చూస్తే ఒక్క తువ్వాలు. ‘వానలో ఏం ఆరేస్తావే?’ అని కింద నుంచి అరిచాను. మోటరు చప్పుడుకు వినపడలేదనుకుంటా.