నేను పడుకున్న చేను

నేను కనిగిరి గొర్రెను. జాతి పేరు మాత్రం నెల్లూరు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కనిగిరి కూడా నెల్లూరు జిల్లాలోదే. తెల్లటి ఒంటి మీద కళ్ల చుట్టూ, మూతి దగ్గర నలుపు ఉంది కాబట్టి నన్ను జోడిపి అంటారు. మా అమ్మ నన్ను ఈనింది ఒక కందిచేలో, మంద పెట్టిన రాత్రి. కాపరి గొంగడి అంచుతో నా ఒళ్లు తుడిచాడట. అప్పటినుంచీ చేలే నా పడకలు.

పగలంతా బీళ్లలో, కొండవారల్లో మేస్తాను. చీకటి పడేసరికి కాపరి ఏదో ఒక రైతు చేలో గుంజలు పాతి వల కడతాడు. ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పడుకుంటాం. తెల్లారేసరికి నేలంతా పెంటికలు, మూత్రం తడి. మరుసటి రాత్రికి వల పక్కకు జరుగుతుంది. బీటిలో తిన్న ఆకూ అలమూ అలా నా పొట్టలోనే చేనికి చేరుతుంది. బండి అక్కర్లేదు, ఎత్తిపోసే కూలీ అక్కర్లేదు.

ఇక్కడి ఎర్రనేలల్లో ఇసుకపాలు ఎక్కువ. తేమ నిలవదు. ఎండకు సేంద్రియ పదార్థం త్వరగా హరించుకుపోతుంది. చిన్నరైతు అప్పు తెచ్చి యూరియా చల్లాక వాన మొహం చాటేస్తే ఆ డబ్బు దక్కదు. నా ఎరువు అలా కాదు. ఈ ఏడు అందనిది పై ఏటి పైరుకైనా అందుతుంది. వంద కిలోల గొర్రె ఎరువులో సుమారు 3 కిలోల నత్రజని ఉంటుంది. పశువుల ఎరువులో అరకిలోయే.

ఒక ఏడు మేం ఆరు రాత్రులు పడుకున్న చేనును రైతు పది రోజులు దున్నకుండా వదిలేశాడు. ఆ గట్టున నడుస్తుంటే ముక్కుకు ఘాటు కొట్టింది. అది అమ్మోనియా. పైరుకు దక్కాల్సిన నత్రజని గాలిలో కలిసిపోతోందన్నమాట. అప్పటినుంచీ మా కాపరి బేరం కుదిరినప్పుడే చెబుతాడు.

"పెద్దయ్యా, మంద లేచిన పొద్దే గుంటక తోలాలి. లేకుంటే నా జీవాల కష్టం గాలికి పోద్ది."

"తోలతాలే అబ్బాయా, ఎడ్లు సిద్ధంగానే ఉండాయి."

ఆ పెద్దయ్య చేలో నాలుగు రాత్రులే పడుకున్నాం. తొలకరికి సజ్జ, కంది కలిపి వేశాడు. శ్రావణంలో ఆ దారిన పోతూ చూశాను. వల ఎక్కడిదాకా కట్టారో గీత గీసినట్టు తెలుస్తోంది. గీతకు ఇవతల సజ్జ నల్లపచ్చగా నిగనిగలాడుతోంది, అవతల పాలిపోయి ఉంది.

నాకున్న బెంగ ఒక్కటే. బీళ్లు తగ్గిపోతున్నాయి. ఒకప్పుడు మేసిన చోట ఇప్పుడు జామాయిల్ తోటలున్నాయి. చేనికి మేత నేనైతే, నాకు మేత ఆ బీడే. బీడు పోతే చేను కూడా పస్తుంటుంది.

ఈ వేసవిలో పెద్దయ్యే వెతుక్కుంటూ వచ్చాడు. "పోయినేడు ఆ పడమటి మూల వదిలేశాం. ఈసారి అక్కణ్నుంచే మొదలుపెట్టు" అన్నాడు.

ఇవాళ ఆ మూలనే పడుకున్నాను. పొట్ట కింద మట్టి ఇంకా పగటి వేడితోనే ఉంది. పొద్దున్నే గుంటక వస్తుంది.