పాట వినపడలే, చానా బాగుండె: సటీకా తాత్పర్యం

మూలం: “పాట వినపడలే మామా. మనిషి కనపడలే. చానా బాగుండె.”

అవతారిక: 2022 మార్చి 19న చిక్కబళ్లాపురంలో ‘ఆర్ఆర్ఆర్’ ప్రీ రిలీజ్ సభ జరిగింది. రాజమౌళి, ఎన్టీఆర్, రామ్‌చరణ్ వచ్చారు. అప్పటి ముఖ్యమంత్రి బొమ్మై, శివరాజ్‌కుమార్ వచ్చారు. మా ఊరు కురుడుమలె నుంచి మా అక్క కొడుకు వెళ్లాడు. 2007 దాకా చిక్కబళ్లాపురం మా కోలారు జిల్లాలోదే కాబట్టి, వాడి లెక్కలో సభ సొంతింటి వాకిట్లో పెట్టినట్టే. బైకు తీసే ముందు మా ఊరి గణపతికి టెంకాయ కొట్టాడు. పదమూడున్నర అడుగుల ఏకశిలా మూర్తి ఆయన. ఎన్నికల యాత్రలకు బయలుదేరే నాయకులే ఆయనకు మొక్కి కదులుతారు, అభిమానికి మొక్కక తప్పుతుందా? తెల్లవారుజామున మూడింటికి ఇల్లు చేరి, పొద్దున గుడి ముందరి టీ కొట్టు దగ్గర పై వాక్యం పలికాడు.

ప్రతిపదార్థం: పాట = కీరవాణి కట్టినది; వినపడలే = ఈలల వల్ల వినపడలేదు. ఆ ఈలల్లో వాడి వాటా తక్కువేమీ కాదు కనుక ఎవరినీ తప్పు పట్టే పని లేదు. మామా = ఓ మామా, పెట్రోలుకు మూడు వందలు ఇచ్చినవాడా! మనిషి = హీరో. జాతివాచకంగా తీసుకోరాదు, తక్కిన మనుషులు కావలసినంత మంది కనపడ్డారు, వీపుల వైపు నుంచి. చానా = చాలా కంటే ఎక్కువ. ముళబాగిలు నుంచి మదనపల్లె దాకా ఈ మాటకున్న బరువు బెజవాడ ‘చాలా’కు లేదు. బాగుండె = బాగుండెను.

శంక: వినపడక, కనపడక బాగుండటం ఎట్లా?

విరోధాభాసమని ఒక్క మాట అనేసి తప్పుకోవచ్చు. కానీ పరిహారం చూపకపోతే టీకాకారుడికి కూడు పుట్టదు. అందుకని వాడి ఫోను తీసుకుని వీడియో చూశాను, తాళపత్రం చూసినట్టు దగ్గరగా పెట్టుకుని. ముందు ఒక పసుపు చొక్కా వీపు. ఆ వీపు మీద ఒక పిల్లవాడు, వాడి చేతిలో ఇంకో ఫోను. ఆ ఫోనులో వేదిక అగ్గిపుల్ల తలంత. అంటే నా అల్లుడు హీరోను తన ఫోనులో, పరాయి పిల్లవాడి ఫోను గుండా చూశాడన్న మాట. ఇంతలో ముందు వరసల నుంచి ఒక కేక, రాగిచేను మీద గాలిలాగా తల తల మీదుగా వెనక్కి వచ్చింది. ఎందుకో తెలియకముందే వీడూ కేక వేశాడు. వీడియో అక్కడ వణికి ఆగిపోయింది.

‘బాగుండె’ అన్నది ఆ కేకను. రసం ఉండేది నటుడిలో కాదు, చూసేవాడి గుండెలో అని అభినవగుప్తుడు వెయ్యేళ్ల కిందటే తేల్చాడు. ఆయనకు చిక్కబళ్లాపురం అక్కర్లేకపోయింది.

పాఠాంతరాలు: మా అక్క దగ్గర, “తొందరగానే వచ్చేస్తిమి” అని ఉంది. స్నేహితుల దగ్గర, “తారక్ నన్నే చూసినాడు” అని కనిపిస్తుంది. ఇది ప్రక్షిప్తం.

మూలం, రెండోది: “బాగుండాది మామా. సెకండాఫ్ కొంచెం సాగింది.”

ఇది మార్చి 25న సినిమా చూసి వచ్చాక చెప్పినది. ఈసారి పాట వినపడింది, మనిషి తెర నిండా కనపడ్డాడు. ‘చానా’ మాత్రం లేదు. ఏమైందిరా అంటే మాట మార్చాడు. సెకండాఫ్ విమర్శ మా ఊరికి కొత్త కాదులెండి. సోమేశ్వరాలయంలో సగం జక్కణాచారి, మిగతా సగం కొడుకు డంకణ చెక్కారని ఇక్కడ చెప్పుకుంటారు. కొడుకు సగమే నాజూకని తీర్పు కూడా ఎప్పుడో అయిపోయింది.

మూలం, మూడోది: “అంతా అబద్ధం మామా. రెండోసారి పోతిని.”

ఏప్రిల్ 14న ‘కేజీఎఫ్’ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) సినిమా రెండో భాగం వచ్చింది. వాడి నాన్నవైపు తాత ఛాంపియన్ రీఫ్ గనిలో దిగినవాడు. సినిమా కథలో బంగారం 1951లో బయటపడుతుంది. అసలు కేజీఎఫ్‌లో జాన్ టేలర్ కంపెనీ 1880లోనే పని మొదలుపెట్టింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. కాబట్టి ‘అబద్ధం’ అన్న మాటకు టీక అక్కర్లేదు. ‘రెండోసారి’కి కావాలి. ఈ సినిమాలకు అక్కడి సైనైడ్ గుట్టల మీద షూటింగ్ చేశారు. రాయిని పిండి కొట్టి, సైనైడుతో బంగారం లాగేశాక పారబోసిన మట్టి అది. హీరో వెనక ఆ గుట్ట కనపడ్డప్పుడల్లా పక్క సీటువాణ్ని మోచేత్తో పొడిచి “మా తాతది” అన్నాడట. హీరో ముందు నుంచి తప్పుకుంటే బాగుండునని కూడా అనుకున్నాడట. అభిమాని నోట ఇంత మాట నేనెప్పుడూ వినలేదు.

మెదకు సీమ కొలిచెలమకు చెందిన టీకాకారుడు మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. నాకు ఆ ఒట్టు లేదు. అయినా పై దాంట్లో నేను కల్పించినదేమీ లేదు, వాడు కల్పించినది తప్ప.

ఇది కురుడుమలె టీ కొట్టు దగ్గర రాసిన టీక. సమాప్తం. పెట్రోలు డబ్బు మూడు వందలు ఇంకా రావాలి.