బండి కొసరు, కాగితం అసలు

సింగపూర్‌కు మకాం మార్చినవారు మోటార్‌సైకిల్ కొనాలంటే, బండితో పాటు ఒక కాగితమూ కొనాలి. దాని పేరు సీవోఈ. 1990 నుంచి అమల్లో ఉంది. బండిని రోడ్డెక్కించే హక్కు అందులో ఉంటుంది, అదీ పదేళ్లకే. చక్రాలుండవు, ఇంజన్ ఉండదు. మైలేజీ అడగడం మర్యాద కాదు.

కాగితానికి నెలకు రెండుసార్లు వేలం. 2022 చివర్లో మోటార్‌సైకిల్ పాట 12 వేల సింగపూర్ డాలర్లు దాటింది. అప్పటి మారకంలో ఏడు లక్షల రూపాయల దరిదాపు. హైదరాబాద్‌లో ఆ సొమ్ముకు మూడు బుల్లెట్లు వచ్చేవి, హెల్మెట్లతో సహా. ముప్పావలా కోడిపిల్లకు మూడు రూపాయల దిష్టి అన్నది ఇక్కడ సామెత కాదు, రవాణా విధానం.

సొంతూరి బండినే ఓడెక్కిస్తే? పాతదైతే మూడేళ్లలోపుదే కావాలి. నాన్నగారి బుల్లెట్ రేవులోనే ఆగిపోతుంది. వయసు పరీక్ష నెగ్గిన బండికి 12 శాతం ఎక్సైజ్ సుంకం. బండి ధర, సుంకం కలిపిన మొత్తం మీద 9 శాతం జీఎస్టీ. అంటే పన్నుకు పన్ను కట్టే గౌరవం! ఆపై అదనపు రిజిస్ట్రేషన్ రుసుము: విలువలో తొలి 5 వేల డాలర్లకు 15 శాతం, తర్వాతి 5 వేలకు 50, ఆ పైదానికి నూటికి నూరు. కాగితం ఖర్చు వేరే.

పదేళ్లు నిండితే, బండి నిక్షేపంలా ఉన్నా కాగితం చస్తుంది. మళ్లీ డబ్బు కట్టి దాన్ని బతికించాలి. లేదంటే బండిని తుక్కుకివ్వాలి, లేదా దేశం దాటించాలి.

బస్సు, మెట్రో కార్డుకు మాత్రం వేలం లేదు.