నా పద్దులో పెద్దాడు, నీ పద్దులో చిన్నది

అమెరికాలో మన తెలుగు ఇళ్ళలో ఫిబ్రవరి వచ్చిందంటే పిల్లల మీద ప్రేమ పొంగిపొర్లుతుంది. ఆఫీసువాళ్ళిచ్చే ఏడాది జీతం లెక్క, డబ్ల్యూ-2, చేతికందిన మర్నాటి నుంచి నాన్నకి పిల్లాడి పుట్టినతేదీ తడుముకోకుండా వస్తుంది, వాడి సోషల్ సెక్యూరిటీ నంబరు నోటికొచ్చేస్తుంది. వాడి టీచర్ పేరేమిటని అడిగితే మాత్రం వాళ్ళమ్మ వైపు చూస్తాడు.

ప్రేమకి కారణం లేకపోలేదు. 2025 ఆదాయం లెక్కల్లో పదిహేడేళ్ళు నిండని బిడ్డ ఒక్కొక్కరికి 2,200 డాలర్ల దాకా చైల్డ్ టాక్స్ క్రెడిట్ ఉంది. మొగుడూ పెళ్ళాం కలిసి జాయింట్‌గా ఒక్క రిటర్న్ వేస్తే పిల్లలిద్దరూ అందులో బుద్ధిగా కూర్చుంటారు, వాళ్ళ క్రెడిట్ వాళ్ళతోపాటే వస్తుంది. కానీ అంత తేలిగ్గా అయిపోయే పనిని మనవాళ్ళు పనిగా లెక్కెయ్యరు.

ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా బిర్యానీ ప్లేటు పట్టుకుని ఒకాయన తగులుతాడు. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాల్లో పన్నుల పాండిత్యం. “ఇంకా జాయింట్‌గానే వేస్తున్నావా బావా? ఇన్నేళ్ళొచ్చాయి, ఏం లాభం! ఇద్దరూ సెపరేట్‌గా వేసెయ్యండి. ఇద్దరూ హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ అని పెట్టండి. పెద్దాణ్ణి నువ్వు చూపించు, చిన్నదాన్ని చెల్లెమ్మ చూపిస్తుంది. మేం నాలుగేళ్ళుగా అలాగే చేస్తున్నాం, ఎవడూ అడగలేదు.” ఎవడూ అడగకపోవడమే ఆయన దగ్గరున్న సెక్షను నంబరు.

ఊరికే అనడం లేదు, ఆయన ఎర బలమైనదే. 2025 లెక్కల్లో జాయింట్‌గా వేస్తే ఇద్దరికీ కలిపి స్టాండర్డ్ డిడక్షన్ 31,500 డాలర్లు. హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ అయితే ఒక్కొక్కరికి 23,625, ఇద్దరికీ కలిపి 47,250. అంటే 15,750 డాలర్ల ఆదాయం మీద పన్ను ఎగిరిపోయినట్టే. ఇంత గొప్ప సంగతి అక్కడి సర్టిఫైడ్ పబ్లిక్ అకౌంటెంట్లెవరికీ తట్టకుండా, సరాసరి బిర్యానీ ప్లేటు దగ్గరికే ఎందుకొచ్చిందని ఒక్కరూ అనుమానపడరు.

అసలా హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ హోదా పెళ్ళికాని వాళ్ళకి. పెళ్ళయినవాళ్ళు దాన్ని వాడుకోవాలంటే ఏడాదిలో చివరి ఆర్నెల్లూ మొగుడో పెళ్ళామో ఆ ఇంట్లో ఉండి ఉండకూడదు. ఇంటి ఖర్చులో సగానికి మించి తనే పెట్టుకుని ఉండాలి. బిడ్డ సగం ఏడాదికి పైగా ఆ ఇంట్లోనే ఉండి ఉండాలి. ఇంట్లోనే ఉన్నాం గానీ ఆర్నెల్లుగా మాటల్లేవంటే చెల్లదు. చట్టానికి కావలసింది వేరే కప్పు, వేరే మంచం కాదు. “నేను ప్రతి సోమవారం క్లయింటు దగ్గరికి ఎగిరిపోయి గురువారం రాత్రికి వస్తాను కదా” అనేవాళ్ళూ ఉన్నారు. ఉద్యోగం మీద ఊరెళ్ళినవాణ్ణి చట్టం ఇంట్లో ఉన్నట్టే లెక్కేస్తుంది. పాపం, వాళ్ళావిడే అలా లెక్కెయ్యదు.

సరే, అబద్ధం వద్దు, నిజాయితీగానే సెపరేట్‌గా వేసుకుంటామంటారా? నిక్షేపంగా వేసుకోవచ్చు. ఒకరి రిటర్న్‌లో కొడుకు, ఇంకొకరి రిటర్న్‌లో కూతురు, దానికీ అభ్యంతరం లేదు. మరి మిగిలేదేమిటి? స్టాండర్డ్ డిడక్షన్ జాయింట్‌లో వచ్చేదానికి సరిగ్గా సగం, పన్ను శ్లాబులూ సగానికి సగం. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ ఇద్దరు పిల్లల్ని డేకేర్‌లో వేస్తే 2025కి జాయింట్‌లో వచ్చే 1,200 డాలర్ల క్రెడిట్ పోతుంది. స్టూడెంట్ లోన్ వడ్డీ మినహాయింపు పోతుంది, కాలేజీ చదువు క్రెడిట్లు పోతాయి. ఒకే ఇంట్లో ఉంటూ సెపరేట్‌గా వేసేవాళ్ళకి పదివేల ఆదాయం దాటితే చాలు, రిటైర్మెంటుకి దాచుకునే రాత్ ఐఆర్ఏలో నేరుగా డబ్బు వేసుకునే వీలే ఉండదు. షేర్లలో నష్టం వస్తే ఏటా 3,000 కాదు, 1,500 మాత్రమే చూపించుకోవాలి. ఒకరు ఇంటి లోను వడ్డీ, విరాళాలు విడివిడిగా చూపిస్తే రెండోవాళ్ళకి స్టాండర్డ్ డిడక్షన్ సున్నా. ఇన్ని పోగొట్టుకోవడానికి సాఫ్ట్‌వేర్‌కి రెండుసార్లు డబ్బు కట్టాలి.

టెక్సస్‌లో స్థిరపడినవాళ్ళ సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఆరిజోనాల్లోలాగే అక్కడా పెళ్ళయ్యాక వచ్చిన సంపాదన ఇద్దరిదీ. సెపరేట్‌గా వేసినా ఆయన జీతంలో సగం ఆవిడ పద్దులో, ఆవిడ జీతంలో సగం ఆయన పద్దులో రాయాలి. దానికని 8958 అని ఓ ఫారం కూడా ఉంది. “నా జీతం నాది, నీ జీతం నీది” అంటూ విడిగా వేసిన మొనగాడు ఆ ఫారం నింపి, చివరికి జాయింట్ లెక్కకే వచ్చి చేరతాడు. అసలు జాయింట్‌లో ఉన్న లాభం పుట్టిందే ఇలాంటి రాష్ట్రాల్లో. వాషింగ్టన్ రాష్ట్రపు దంపతుల కేసులో సుప్రీంకోర్టు 1930లో, ఆదాయం సగం సగం చూపించుకోవచ్చని తీర్పు చెప్పింది. అలాంటి చట్టం లేని రాష్ట్రాలవాళ్ళు మా గతేమిటన్నారు. చివరికి 1948లో అమెరికా కాంగ్రెస్ ఆ లాభాన్ని దేశంలోని దంపతులందరికీ జాయింట్ రిటర్న్ రూపంలో ఇచ్చింది. మన బావగారు దాన్ని వద్దని తోసేసి, తెలివి చూపించానని మురిసిపోతున్నాడు.

ఇక ఒక్కగానొక్క బిడ్డ ఉన్న ఇల్లు. ఆ ఇంట్లో మార్చి నెలంతా పోటీ పరీక్షే. డైనింగ్ టేబుల్‌కి ఈ కొసన ఆయన ల్యాప్‌టాప్, ఆ కొసన ఆవిడ ల్యాప్‌టాప్. ముందు బటన్ నొక్కినవాళ్ళదే బిడ్డ. రెండోవారికి కాసేపట్లో రిజెక్షన్ వస్తుంది: ఈ నంబరుగల డిపెండెంటు మరొకరి రిటర్న్‌లో ఉన్నారని. “ఏవండీ, మన బుజ్జిదాన్ని ఎవరో దొంగిలించారు!” అని ఆవిడ కేక. ఆ కొసన ఆయన తలెత్తడు.

రెండో రిటర్న్‌ని కాగితం మీద పంపినా, పన్నులశాఖ ఇచ్చే ఐపీ పిన్ తీసుకుని ఆన్‌లైన్‌లోనే పంపినా కొన్నాళ్ళకి సీపీ87ఏ అనే ఉత్తరం వస్తుంది. మీ డిపెండెంటునే ఇంకొకరు కూడా చూపించారు, తప్పు మీదైతే సవరించుకోండి, కాకపోతే ఏమీ చెయ్యక్కర్లేదు అని అందులో ఉంటుంది. ఆ ఇంకొకరెవరో మాత్రం పన్నులశాఖ ఐఆర్ఎస్ చచ్చినా చెప్పదు, గోప్యత అడ్డొస్తుంది. ఒకే మెయిల్‌బాక్స్‌లో అవే ఉత్తరాలు రెండు, ఒకటి ఆయన పేర, ఒకటి ఆవిడ పేర. ఇద్దరూ ఆ అజ్ఞాత దుర్మార్గుడెవరా అని ఒకే సోఫాలో కూర్చుని ఆలోచిస్తారు.

ఇద్దరూ పట్టు వదలకపోతే తీర్పు చెప్పడానికి చట్టంలో ఏర్పాటుంది. బిడ్డ ఎవరి దగ్గర ఎక్కువ రాత్రులు పడుకుందో వాళ్ళదే హక్కు. ఒకే ఇల్లయితే రాత్రులు సమానం. అప్పుడెవరిది? ఎవరి ఆదాయం ఎక్కువో వాళ్ళది. తొమ్మిది నెలలు మోసినదెవరని గానీ, జ్వరమొస్తే లేచి కూర్చున్నదెవరని గానీ అడగరు. ఈ నిబంధన మీద నాకు పెద్ద గౌరవం లేదు. కానీ బిడ్డని కన్నవాళ్ళే దాన్ని క్రెడిట్‌గా చూస్తుంటే, జీతం చూసి తల్లెవరో తండ్రెవరో తేల్చిందని చట్టాన్ని ఏమనగలం? టెక్సస్‌లో సగం సగం పంచాక ఇద్దరి ఆదాయమూ డాలరు తేడా లేకుండా సమానమైతే చట్టంలో ఆ పైన మెట్టే లేదు. అది రాసినవాళ్ళు మనల్ని చూసి ఉండరు.

అసలు అమెరికావాళ్ళకి మనమేం నేర్పక్కర్లేదు లెండి. ఐదేళ్ళు నిండిన డిపెండెంటు ఎవరికైనా సోషల్ సెక్యూరిటీ నంబరు రాయాలని 1986 చట్టం అన్నాక, 1987 రిటర్న్‌లలో దేశం మొత్తమ్మీద దాదాపు 70 లక్షలమంది పిల్లలు మాయమయ్యారు. ఏ పోలీస్‌స్టేషన్‌లోనూ మిస్సింగ్ కేసు పెట్టలేదు. వాళ్ళలో కుక్కలూ పిల్లులూ కూడా ఉన్నాయని అప్పట్లో చెప్పుకున్నారు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు నవ్వక్కర్లేదు. ఇండియాలో భార్యాభర్తలకి జాయింట్ రిటర్న్ లేదు, ఎవరి పాన్ వాళ్ళదే. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళు మినహాయింపుకి స్కూలు ట్యూషన్ ఫీజు ఎవరు కడితే వాళ్ళు చూపించుకోవాలి. జనవరిలో ఆఫీసులు ప్రూఫులు అడిగేసరికి ఒక్క రసీదుకి రెండు జిరాక్సులు పడతాయి, ఒకటి గచ్చిబౌలి ఆఫీసుకి, ఇంకొకటి మాదాపూర్ ఆఫీసుకి. విమానం ఎక్కేటప్పుడు సూట్‌కేసులో ఆవకాయతోపాటు ఆ విద్య కూడా పెట్టుకుని వెళ్ళినవాడే అక్కడ మనకి బిర్యానీ ప్లేటుతో ఎదురవుతున్నాడు.

సెపరేట్‌గా వేయక తప్పనివాళ్ళు ఉన్నారు. నిజంగా విడిపోతున్నవాళ్ళు, మొగుడి దొంగ లెక్కల మీద సంతకం పెట్టి ఆ బాకీ తన నెత్తిన వేసుకోవడం ఇష్టంలేని ఇల్లాళ్ళు, ఆదాయాన్ని బట్టి స్టూడెంట్ లోను వాయిదా తగ్గేవాళ్ళు. వాళ్ళ జోలికి నేను పోవడం లేదు. వాళ్ళు ఏం పోతుందో తెలిసే వేస్తారు.

తెలియక వేసినవాళ్ళకి చట్టం ఓ దారి వదిలింది. సెపరేట్‌గా వేసినదాన్ని మూడేళ్ళలోపు 1040-ఎక్స్ అనే సవరణ ఫారంతో జాయింట్‌గా మార్చుకోవచ్చు. గడువు తేదీ దాటాక జాయింట్‌ని సెపరేట్‌గా మార్చడం మాత్రం కుదరదు. లెక్కచేయకుండా చైల్డ్ టాక్స్ క్రెడిట్‌కి తప్పుడు క్లెయిమ్ వేసినట్టు తేలితే రెండేళ్ళు, మోసమని తేలితే పదేళ్ళు ఆ క్రెడిట్ ఊసెత్తకూడదు. పదేళ్ళంటే పెద్దాడు కాలేజీకి వెళ్ళిపోతాడు. కాబట్టి ఉత్తరం రాకముందే దిద్దుకోవడం మంచిది. దిద్దిపెట్టడానికి ఎవరున్నారని వెతుక్కోవక్కర్లేదు, మన శని ఆదివారాల పండితుడే చేసిపెడతాడు. సలహా ఇచ్చినప్పుడు రెండు రిటర్న్‌లకి ఫీజు తీసుకున్నాడు కదా, దిద్దడానికి ఇంకొక దానికి తీసుకుంటాడు. బావా అన్నందుకు పాతిక డాలర్లు తగ్గిస్తాడు.