పూత పోయిన సంచి

నేను వీపు సంచిని. చెన్నైలోని పాత వాషర్‌మెన్‌పేటలో, ఎం.సి. రోడ్డు వెనక సందులో ఒక బ్యాగుల దర్జీ మిషను మీద పుట్టాను. నా ఒంటి మీద చిన్న చిన్న గళ్లు కనిపిస్తాయే, అవి అందానికి వేసినవి కావు. ఎక్కడైనా చిరిగితే ఆ చిరుగు గడి దాటి పాకకుండా ఆపే లావు దారాలవి. రెండో ప్రపంచ యుద్ధంలో పారాచూట్ల కోసం వచ్చిన నైలాన్ నేత. లోపలివైపు నీళ్లు దిగకుండా పాలీయూరిథేన్ పూత. నా బతుకు చెడింది ఆ పూత దగ్గరే.

నన్ను కుట్టించుకున్నవాడికి ఫాస్ట్‌ప్యాకింగ్ పిచ్చి. ఎక్కుడులో చకచకా నడవడం, చదునులో, దిగుడులో పరుగెత్తడం, రాత్రికి కావలసినంతే వీపున వేసుకోవడం. 1988లో అమెరికాలోని విండ్ రివర్ కొండల్లో జిమ్ నైట్, బ్రైస్ థాచర్ అనే ఇద్దరు మిత్రులు నూరు మైళ్ల దారిని 38 గంటల్లో దాటారు. ఫాస్ట్‌ప్యాకింగ్ అనే పేరు ప్రచారంలోకి వచ్చింది అప్పుడే. మావాడికీ ఒక జతగాడున్నాడు. ఇద్దరూ వంటింటి తూకం ముందు కూర్చుని టూత్‌బ్రష్ కాడ కూడా సగానికి విరిచేవారు. "దుప్పటొద్దురా, పంచె చాలు" అనేవాడు జతగాడు. గ్రాము గ్రాముకీ నా భుజాల గురించి ఆలోచించే మనుషులు దొరికారని నేను మురిసిపోయాను.

నాకు బాగా గుర్తున్న ప్రయాణం తిరుమల కొండల్లోని తుంబురు తీర్థానిది. శేషాచలం అడవిలోకి ఎప్పుడు పడితే అప్పుడు పోనివ్వరు. ఫాల్గుణ పౌర్ణమికి ముక్కోటి ఉత్సవం జరుగుతుంది, అప్పుడు యాత్రికులను వదులుతారు. ఆ ఏడు పౌర్ణమి ఆదివారానికి కలిసొచ్చింది. శనివారం పొద్దున్నే సెంట్రల్‌లో సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తిరుపతిలో దిగాం. అలిపిరి దగ్గర సామాను ఇచ్చేస్తే దేవస్థానం వాళ్లే ఉచితంగా కొండ మీదికి చేరుస్తారు. మావాడు నన్ను ఇవ్వలేదు. పాదాల మండపం దగ్గర బూట్లు విప్పి నాలో పెట్టాడు, 3,550 మెట్లూ ఒట్టి కాళ్లతో ఎక్కాడు. మోకాళ్ల పర్వతం దగ్గర వాడి చెమటకు నా వీపు పలక తడిసి ముద్దయింది, లోపలి పులిహోర పొట్లం మాత్రం పొడిగానే ఉంది. నాకేం కష్టమనిపించలేదు. మోయడానికే కదా పుట్టాను! ఆ రాత్రి వసతి హాల్లో నన్నే తలగడ చేసుకున్నాడు.

తెల్లవారాక పాపవినాశనం డ్యామ్ దాటి అడవి దారి పట్టాం. బూట్లు మళ్లీ కాళ్లకెక్కాయి. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో ఈ తూర్పు కనుమల దక్షిణపు కొసల్లోనే. 2010లో ఈ కొండలను జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. పరుగులో ఒక ఎర్రచందనం కాయ రాలి నా వల జేబులో పడింది. గుండ్రంగా, పల్చగా, మధ్యలో మాత్రం గింజ ఉబ్బు, చుట్టూ అప్పడం అంచులాంటి రెక్క. గాలికి ఎగరడానికి తయారైన కాయ అది. జతగాడు దాన్ని తీసి చూసి, "ఇక్కడిది ఇక్కడే ఉండాలిరా" అని పొదలోకి విసిరాడు.

తీర్థం దగ్గరికొచ్చేసరికి కొండ నిలువునా రెండుగా చీలినట్టుంటుంది. ఆ సందులో నడుము లోతు నీళ్లు. మావాడు నన్ను రెండు చేతులా నెత్తి మీదికెత్తి పట్టుకుని దాటాడు. కవయిత్రి తరిగొండ వెంగమాంబ ఈ తుంబురుకోనలోనే ఏళ్ల తరబడి తపస్సు చేసింది. ఆమె ఏం మోసుకొచ్చి ఉంటుందా అని ఇప్పటికీ అనుకుంటాను. తిరిగొచ్చేటప్పుడు మావాడు కాలు జారి, నాతో సహా మునిగాడు. లోపల పొడి చొక్కా పొడిగానే ఉంది. నా పూత ఒక్క చుక్కను కూడా దిగనివ్వలేదు. అంత గర్వంగా నేను మళ్లీ ఎప్పుడూ లేను.

ఆదివారం రాత్రి ఇల్లు చేరాం. సోమవారం ఆఫీసు. జిప్పు కూడా తియ్యకుండా, తడితో, చెమట ఉప్పుతో, అడుగున మిగిలిన పులిహోర మెతుకులతో నన్ను అటక మీదికి విసిరేశాడు.

నేను పుట్టిన ఈ వాషర్‌మెన్‌పేట ఏర్పడిందే బట్ట కోసం. ఈస్టిండియా కంపెనీ సీమకు పంపే నూలు బట్టను ఉతికి, ఎండబెట్టి, తెల్లబరిచే రజకులు ఇక్కడ స్థిరపడ్డారు. ఏ నేతను ఎంతసేపు నాననివ్వాలో, ఎప్పుడు ఎండ నుంచి తియ్యాలో వాళ్ల చేతులకు తెలుసు. అలాంటి చోట పుట్టి, ఒక్క బకెట్టు నీళ్లకు నోచుకోలేదు నేను. నాకు వాషింగ్ మెషీన్ కూడా అక్కర్లేదు, అది నా పూతను చెరుపుతుంది. కాస్త సబ్బు కలిపిన చన్నీళ్లు, మెత్తని గుడ్డ, తలకిందులుగా నీడన వేలాడదీసే ఒక కొక్కెం. అంతే.

అటక మీద వేడి, పక్కనే సముద్రం, గాలి నిండా తేమ. వేడీ తేమా కలిస్తే పాలీయూరిథేన్ అణువుల గొలుసులు ఒక్కొక్కటే తెగుతాయి. మొదట లోపల జిగురు పట్టింది. తర్వాత పుల్లని కంపు. ఆ తర్వాత ఎండిన మైదాముద్దలా పొరలు పొరలుగా రాలాను. కింద గదిలో వాళ్లు కొత్త దారుల గురించి మాట్లాడుకోవడం వినిపించేది. నన్ను దింపుతారని ప్రతిసారీ ఎదురుచూశాను. చివరికి దింపింది వాళ్లమ్మ. "కంపు కొడుతోంది నాయనా, పారెయ్యనా?" అంది. వాడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "పారెయ్యమ్మా, పాడైపోయింది" అన్నాడు.

ఇప్పుడు గుమ్మం పక్కన పాత పేపర్ల కట్ట మీద ఉన్నాను. పాత సామాను కొనే కాయలాన్ కడ అతను రావాలి. నేను పాడైపోలేదురా. పోయింది పూత, దారం కాదు. మిగిలిన పొరను రుద్ది తీసేస్తే వాన ఆపలేను గానీ, ఐదు కిలోలు ఇప్పటికీ మోస్తాను. నా బెల్టు లాగి చూడు, నా కుట్టు చూడు, ఒక్క పోగు వదల్లేదు. వినవని తెలుసు. కనీసం గోడ మేకుకున్న ఆ కొత్తదాన్ని చూడు. మొన్న నాగలాపురం కొండల మడుగుల్లోంచి తడిసి వచ్చింది, ఇంకా జిప్పు తియ్యలేదు. ఈ పూట దాన్ని నీడన ఆరెయ్యి.