ఘాట్‌రోడ్డు వాక్యమునకు టీకాతాత్పర్యము

మూలము: “కండక్టరుగారూ! పిల్లాడికి కడుపులో తిప్పుతోందండీ, కాస్త బస్సాపండి!”

అవతారిక: తిరుపతినుండి తిరుమలకు ఘాట్‌రోడ్డున బస్సులో పోవుచున్న యొక తల్లి, మొగము పాలిపోయి, నుదుట చెమట పట్టి, నోట నీరూరుచుండగా మాట మానిన కుమారుని జూచి, తెల్లవారుజామున తినిపించిన ఇడ్లీలను లోలోన నిందించుచు నిట్లనుచున్నది.

ప్రతిపదార్థము: కండక్టరుగారూ = బస్సును తా నాపలేకున్నను ఆపించు ఈల గలవాడా; పిల్లాడికి = కుమారునకు (రెండేండ్లు దాటినవాడని గ్రహించునది, చంటిబిడ్డల కీ ప్రయాణవికారము అరుదు); కడుపులో = ఉదరమందు; తిప్పుతోంది = వికారముగా నున్నది; కాస్త = పని ముగియువరకు; ఆపండి = నిలుపుడు.

టీక: “తిప్పుతోంది” అను క్రియకు కర్త యెవరు? ఇడ్లీయని పూర్వపక్షము. అది పొసగదు, ఆ ఇడ్లీలనే పిల్లవానికన్న రెండెక్కువ తిన్న తండ్రి ప్రక్కసీటున గురకపెట్టుచున్నాడు గదా. సిద్ధాంత మేమనగా, లోచెవియందు మూడు అర్ధవృత్తాకార నాళములును వానిలో ద్రవమును గలవు. ప్రతి మలుపునందును ఆ ద్రవము కదలి “తిరుగుచున్నా”మని చెవి మొరపెట్టుచుండ, ముందుసీటు వెనుకభాగమునే చూచుచున్న కన్ను “కదలికయే లేదు” అని సాక్ష్యమిచ్చును. ఈ విరుద్ధసాక్ష్యములను విన్న మెదడు, విషమేదో లోనికి బోయినదని శంకించునని కొందరు శాస్త్రజ్ఞుల యూహ. నిజముగా చెడిన తిండి తిన్ననాడు పేగుగోడలలోని కణములు సెరటోనిన్‌ను విడిచి, వేగస్ నాడి ద్వారమున ఫిర్యాదు పంపును. నెత్తుటిలోని విషమును పసిగట్టుటకు మెదడుకాండమున ఏరియా పోస్ట్రీమా యను ఠాణా వేరుగా గలదు. దారు లెన్నియైనను వాంతి యను తీర్పు చెప్పునది మెదడుకాండమే.

ఇక అమలు. ముందు చిన్నపేగు వెనుకకు ముడుచుకొని తనలోని దానిని జీర్ణాశయమునకు చేర్చును. పిదప ఊపిరి బిగిసి, శ్వాసద్వారము మూసికొని, మెత్తని అంగిలి పైకిలేచి ముక్కుదారిని కప్పగా, ఉదరవితానమును పొట్టకండరములును ఒక్కపెట్టున పిండును. ఇంత జరుగుచున్నను జీర్ణాశయము మాత్రము వదులై యూరకుండును.

తాత్పర్యము: తగవు చెవికిని కంటికిని, తీర్పు మెదడుది, అమలు కండరములది, అపకీర్తి మాత్రము కడుపునకును ఇడ్లీకిని.

విశేషములు: నోట నీరూరుట వృథా కాదు, రానున్న ఆమ్లమునుండి పండ్లను కాచుటకది. బస్సు నడుపువానికి వికారము పుట్టకుండుటకు హేతువు, రాబోవు మలుపును వాని మెదడు ముందే యెరిగియుండుట. కనుక ముందుసీటున గూర్చుండి దూరపు దారిని చూచుట యుక్తము. వాంతివేగమును బలవంతముగా నాపరాదని చరకుడు చెప్పియుండుటచేత, కండక్టరు ఈల వేయుట శాస్త్రసమ్మతమే.

ఫలశ్రుతి: ఈ టీకను ఇంట గూర్చుండి పఠించినవారికి అర్థము బోధపడును, పోవుచున్న బస్సులో పఠించినవారికి అనుభవమునకే వచ్చును.