ఫీజు లేని చదువు

మా ఇంట్లో ఫీజు కట్టి, రసీదు తెచ్చి, బీరువాలో పెడితేనే అది చదువు. మిగతాదంతా ఫోను చూడడం కిందికే వస్తుంది.

ఈ సంగతి హైదరాబాద్ అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగులు నడిపేవాళ్లకి ఎప్పుడో తెలుసు. మా కుర్రతనంలో మైత్రీవనం దగ్గర నడుస్తుంటే చేతిలో కరపత్రం పడేది. ఫ్రీ డెమో! గోడలకి ఆనుకుని నిలబడి మరీ వినేవాళ్లం. ఏసీ కూడా ఫ్రీయే కాబట్టి ఎండాకాలం హాజరు బాగుండేది. జావా మొదటి పాఠం నేను చాలామంది గురువుల దగ్గర విన్నాను. రెండో పాఠం దగ్గర ఫీజు మొదలయ్యేది కనుక నా జావా ‘హలో వరల్డ్’ దగ్గరే ఆగింది. చుట్టాలు మాత్రం ఒక్క మాట అనలేదు. “డబ్బుల్లేక ఆగిపోయాడు గానీ, లేకపోతేనా!” అన్నారు. ఎంత గౌరవమైన సాకండీ అది!

ఆ సాకు మీదే పెద్దలంతా పగబట్టారు. 2001లో అమెరికాలో ఎంఐటీ వాళ్లు తమ పాఠాలన్నీ ఊరికే నెట్లో పెడతామన్నారు. 2003లో మన ఐఐటీలూ, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి ఎన్‌పీటీఈఎల్ పేరుతో ఊరికే నెట్ పాఠాలు మొదలుపెట్టాయి. నెట్ ఖరీదు అడ్డం నిలిచి కొన్నాళ్లు నన్ను కాపాడింది. 2016లో జియో వచ్చి ఆ అడ్డూ తీసేసింది. 2017లో కేంద్రం ‘స్వయం’ అని ఉచిత ఆన్‌లైన్ కోర్సుల వేదిక తెచ్చింది. ఇక చెప్పుకోవడానికి ఏం మిగిలింది?

మిగిలింది ఒక్కటే, తోటివాళ్ల తోడు. 2012లో ఎంఐటీ ఆన్‌లైన్‌లో సర్క్యూట్ల కోర్సు పెడితే సుమారు లక్షా 55 వేల మంది పేర్లు రాయించుకున్నారు. గట్టెక్కినవాళ్లు ఏడు వేల చిల్లర. ఆ లెక్క చదివాక ప్రపంచం మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టింది. అదే కోర్సులో మంగోలియా కుర్రాడొకడు, పదిహేనేళ్లవాడు, నూటికి నూరు తెచ్చుకున్నాడు. అలాంటివాడు ప్రతి వీధిలోనూ ఒకడుంటాడు, మన నాన్నలు వేలెత్తి చూపించడానికి.

నేనూ పేరు రాయించుకునే రకమే. ఆ బటన్ నొక్కగానే సగం కోర్సు అయిపోయినంత తృప్తి. ఒక ఆదివారం ఎంఐటీ పాఠాల్లోంచి గిల్బర్ట్ స్ట్రాంగ్ గారి లీనియర్ ఆల్జీబ్రా పెట్టుకున్నాను. పెద్దాయన సుద్దముక్క పట్టుకుని, రెండు సమీకరణాలు, రెండు తెలియని రాశులతో మొదలుపెట్టారు. x విలువ తేలేలోపు గ్యాస్ బండ వచ్చింది. y దగ్గరికి వచ్చేసరికి “ఏమండీ, ఊరికే ఫోను చూస్తూ కూర్చునే బదులు కాస్త కొత్తిమీర తేకూడదూ?” అని వినిపించింది. చదువుకుంటున్నానన్నాను. “ఊరికే వచ్చేదేగా, రేపు చూసుకోండి.” దీనికి ఎంఐటీ దగ్గర కూడా జవాబు లేదు.

నిజమైన అడ్డంకులు వేరే ఉన్నాయి, కాదనను. 2020లో కరోనాకి బళ్లు మూతపడితే తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు వేశారు. ఒక్క ఫోనుకి ముగ్గురు పిల్లలున్న ఇళ్లకి టీవీయే దిక్కయింది. వాళ్ల ముందు నా కొత్తిమీర కష్టాలు చెప్పుకోవడానికి సిగ్గుండాలి.

పైగా మా ఆవిడ సంగతొకటి ఉంది. ఏ కోర్సులోనూ పేరు రాయించుకోకుండా, మధ్యాహ్నాలు యూట్యూబ్ చూసి మగ్గం వర్క్ నేర్చేసుకుంది. ఇప్పుడు మా అపార్టుమెంటులో పెళ్లి జాకెట్లన్నీ తనవే. ఆన్‌లైన్ విద్య అంటే ఇదే కదా అంటే, “చదువేంటండీ, ఫోను చూసి నేర్చుకున్నా” అంటుంది.

కిందటేడు ఎన్‌పీటీఈఎల్‌లో పైథాన్ కోర్సు తీసుకున్నాను. పాఠాలు ఫ్రీ, అసైన్‌మెంట్లు ఫ్రీ. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం వెయ్యి రూపాయలు కట్టి, సెంటర్‌కి వెళ్లి పరీక్ష రాయాలన్నారు. కట్టాను. మా ఆవిడ ఫోనుకి బ్యాంకు మెసేజ్ వెళ్లింది.

“వెయ్యి కట్టారా?”

“కట్టాను.”

“వెనక్కిస్తారా?”

“ఇవ్వరు.”

ఆ సాయంత్రం నుంచి మా ఇల్లు కార్పొరేట్ కాలేజీ హాస్టలైపోయింది. టీవీ గొంతు తగ్గింది. కొత్తిమీర దానంతటదే ఇంటికొచ్చింది. రాత్రి 11:59కి అసైన్‌మెంట్ గడువంటే పదింటికే టీ పెట్టి, ఎదురుగా జాకెట్టు కుట్టుకుంటూ కాపలా కూర్చుంది. నిద్రొస్తోందంటే, “వెయ్యి రూపాయలండీ” అంది. పాతికేళ్లు దాటిన మా వాడు కూడా తలుపు దగ్గర ఆగి, “నాన్నా, ఎంత వరకు వచ్చింది?” అని అడిగి వెళ్తున్నాడు. ఆ గొంతు మా నాన్నదే.

పరీక్ష రోజే మా బావమరిది గృహప్రవేశం పడింది. ఫోనులో వాళ్ల అక్క ఒక్క ముక్కలో తేల్చేసింది. “మీ బావకి పరీక్షరా, రారు. ఫీజు కూడా కట్టేశారు.” అవతల ఆ బావమరిది, పాపం, గుత్తివంకాయ కోసం రాజమండ్రి నుంచి వంటవాణ్ణి పిలిపించానని చెబుతూనే ఉన్నాడు.